పక్కింటి క్వేకర్ పెద్దావిడ "రండి" అంటే

మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీరు రెండు నెలల క్రితం పెన్సిల్వేనియాలో వెస్ట్ చెస్టర్ దగ్గర ఇల్లు తీసుకున్నారు. మీ అమ్మగారు ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండబోతున్నారు. పక్కింట్లో 79 ఏళ్ల ఆవిడ ఒక్కరే ఉంటారు. తాను క్వేకర్నని (క్రైస్తవంలో అదొక శాఖ) చెప్పారు. పొద్దున్నే కారు తీసుకుని ఎటో ఒకవైపు వెళ్తూనే ఉంటారు. మీ అమ్మగారిని ఆదివారం మీటింగ్‌కి, అంటే వాళ్ల ఆరాధన సభకి, రమ్మని పిలిచారు. "ఇది మతం మార్చే వ్యవహారమా? ఆ వయసులో ఆవిడకి అంత పనేమిటి? పిల్లలు పట్టించుకోరా? అసలు ఆవిడని ఏమని పిలవాలి?" అని అడిగారు.

నేను ఈ కౌంటీలో 21 ఏళ్లుగా ఉంటున్నాను. అందులో 16 ఏళ్లుగా ఇక్కడి ఒక క్వేకర్ మీటింగ్‌కి వెళ్తున్నాను. సభ్యత్వం తీసుకోలేదు. ఇంట్లో దేవుడి గది ఎప్పటిలాగే ఉంది, కార్తీకమాసం దీపాలు ఎప్పటిలాగే పెడతాను. నాలాంటివాళ్లని అక్కడ అటెండర్ అంటారు. మన ఆఫీసుల్లో ఫైళ్లు మోసే అటెండర్ అనుకోకండి, సభ్యత్వం లేకపోయినా క్రమంగా వచ్చి కూర్చునే మనిషి అని అర్థం. నన్ను మొదటిసారి తీసుకెళ్లింది కూడా మా పక్కింటి పెద్దావిడే. ఆవిడకి ఇప్పుడు 84. కింద రాసేదంతా ఎక్కువగా ఆవిడని చూసి తెలుసుకున్నదే. పేరు రాయను; కింద "మా ఆవిడ" అన్నప్పుడల్లా ఈ పక్కింటావిడే.

ముందు రెండు అపోహలు పక్కన పెడదాం. ఓట్స్ డబ్బా మీద టోపీ పెద్దమనిషి బొమ్మ చూసి అది వీళ్ల కంపెనీ అనుకుంటారు మనవాళ్లు. దానికీ దీనికీ సంబంధం లేదు. క్వేకర్లు నిజాయతీ గల వ్యాపారులని పేరుండేది కాబట్టి 1877లో ఆ బొమ్మని ట్రేడ్‌మార్క్‌గా పెట్టుకున్నారు, అంతే. రెండోది, లాంకాస్టర్ వైపు గుర్రబ్బండ్లలో కనిపించే ఆమిష్‌లు వేరు, వీళ్లు వేరు. మా ఆవిడ కారు నడుపుతారు, జూమ్‌లో కమిటీ మీటింగులు పెడతారు, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతారు.

వీళ్ల సమాజం 1650ల ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండ్‌లో మొదలైంది. జార్జ్ ఫాక్స్ అనే ఆయన, ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంది, దాన్ని చేరుకోవడానికి మధ్యలో పురోహితుడు అక్కర్లేదు అని ఊరూరా తిరిగి చెప్పాడు. ఆ మాటకి జైళ్లు నిండాయి. విలియం పెన్ క్వేకరే; ఆయనకి 1681లో ఈ నేల మీద హక్కుపత్రం వచ్చింది, పెన్సిల్వేనియా అన్న పేరు అలా పుట్టింది. అందుకే మన చుట్టుపక్కల ఎటు వెళ్లినా ఒక పాత రాతి మీటింగ్ హౌస్, అంటే వాళ్ల ఆరాధన మందిరం, కనిపిస్తుంది. డిసెంబర్ వస్తే తెలుగువాళ్లందరం దీపాలు చూడ్డానికి వెళ్లే లాంగ్‌వుడ్ గార్డెన్స్ కూడా ఒకప్పుడు ఒక క్వేకర్ కుటుంబం పొలమే. ఆ ఇంటి కవల అన్నదమ్ములు 1798లో అక్కడ చెట్లు పెంచడం మొదలుపెట్టారు.

ఇక మీ అసలు భయం సంగతి. మతం మార్చడానికి పిలవలేదు. ఈ ప్రాంతపు మీటింగుల్లో బాప్తిస్మం ఉండదు, పాస్టర్ ఉండడు, చందా పళ్లెం తిప్పరు. సభ్యత్వం కావాలంటే మనమే ఉత్తరం రాసి అడగాలి, అప్పుడు ఇద్దరు ముగ్గురు వచ్చి మనతో కూర్చుని మాట్లాడతారు. ఈ 16 ఏళ్లలో "నువ్వెందుకు చేరలేదు" అని నన్ను ఒక్కరూ అడగలేదు. అయితే ఇది అన్నిచోట్లా ఒకేలా ఉంటుందనుకోకండి. ప్రపంచంలో క్వేకర్లు ఎక్కువగా ఉన్నది కెన్యాలో. అక్కడ పాస్టర్లు, పాటలు, ప్రసంగాలు అన్నీ ఉంటాయి. నేను చెప్పేది ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉన్న మౌన మీటింగుల గురించి.

ఆవిడ "రండి" అన్నారంటే రమ్మనే అర్థం. రాలేమని చెబితే రాలేరనే అనుకుంటారు, నొచ్చుకోరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆవిడ జీవితంలో మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నాకు ఇది అర్థమవడానికి ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

మేం కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి మా పక్కింటావిడ, "శనివారం పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ హౌస్‌లో కుర్చీలు సర్దాలి, రాగలవా?" అని అడిగారు. ఆ శనివారం మాకు వేరే చోట సత్యనారాయణ వ్రతం ఉంది. మొహం మీద రాలేనని చెప్పలేక "చూస్తానండీ, ప్రయత్నిస్తాను" అన్నాను. మనలో మనకి ఆ మాటకి అర్థం తెలుసు. ఆవిడకి తెలియదు. నా కోసం కూడా ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తొమ్మిదింటికి వచ్చి కూర్చున్నారు. పదింటి దాకా చూసి, 40 మడత కుర్చీలు ఒక్కరే మోశారు. మణికట్టు బెణికింది. సోమవారం చేతికి కట్టుతో కనిపించి, కోపం ఏమీ లేకుండా, "రాలేనని చెప్పి ఉంటే ఇంకొకరిని అడిగేదాన్ని కదా" అన్నారు. నాకు కన్నీళ్లాగలేదు. ఆ తర్వాత ఆవిడతో ఎప్పుడూ "చూస్తాను" అనలేదు. వస్తానంటే వస్తాను, లేదంటే లేదు.

వాళ్లకిది మర్యాద విషయం కాదు, ధర్మం విషయం. క్వేకర్లు ఒట్టు వేయరు. కోర్టులో ప్రమాణం చేసి నిజం చెబుతానంటే మిగతా వేళల్లో అబద్ధం ఆడతానన్నట్టే కదా అని వాళ్ల వాదన. దానికోసం ఇంగ్లండ్‌లో ఎన్నో కష్టాలు పడ్డారు. 1696లో అక్కడి పార్లమెంటు, ప్రమాణం బదులు "ధ్రువీకరిస్తున్నాను" అంటే చాలని చట్టం చేసింది. మీరు రేపు పౌరసత్వం తీసుకునేటప్పుడు కూడా ఒట్టు వేయకుండా ధ్రువీకరించవచ్చు. అమెరికా రాజ్యాంగంలోనే ఈ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. పాతకాలంలో క్వేకర్ దుకాణాల్లో బేరం ఉండేది కాదు, చెప్పిందే ధర. చిన్నపిల్లని పంపినా మోసపోదని ఊళ్లో నమ్మకం.

ఆదివారం ఏం జరుగుతుందో చెబుతాను. మీటింగ్ పదిన్నరకైతే మా ఆవిడ పావుతక్కువ పదికల్లా అక్కడుంటారు. చలికాలమైతే హీటర్ చూస్తారు, ఎండాకాలమైతే పొడవాటి కర్ర కొక్కేనికి తగిలించి పై కిటికీలు దింపుతారు. చెవి సరిగా వినపడనివాళ్ల కోసం చిన్న రిసీవర్లు ఉంటాయి, వాటి బ్యాటరీలు ఒక్కొక్కటీ వేలితో తట్టి చూస్తారు. లోపల బల్లలు తప్ప ఏమీ ఉండదు. శిలువ లేదు, పటం లేదు, పూలదండ లేదు, తెల్ల సున్నం గోడలు. బల్లలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుంటారు. ఎవరూ "మొదలుపెడదాం" అనరు. మొదటి మనిషి కూర్చున్నప్పుడే మొదలైనట్టు లెక్క.

గంటసేపు మౌనం. మన ధ్యానంలా ఎవరికి వాళ్లు కళ్లు మూసుకుని తమలోకి వెళ్లిపోవడం అనుకున్నాను మొదట్లో. మెల్లగా తేడా తెలిసింది. ఇది అందరూ కలిసి చెవులు రిక్కించి వినడం. పెళ్లివారి బండి కోసం అరుగు మీద కూర్చున్న ఇంటివాళ్ల మౌనం ఉంటుందే, అలాంటిది. మధ్యలో ఎవరికైనా లోపలి నుంచి మాట తన్నుకొస్తే లేచి నిలబడి రెండు మూడు నిమిషాలు చెబుతారు, కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబివ్వరు, వాదించరు, తల కూడా ఊపరు. మళ్లీ మౌనం. కొన్ని ఆదివారాలు ఒక్కరూ లేవరు. ఆఖర్న పెద్దలు ఇద్దరు చేతులు కలుపుతారు, తర్వాత అందరూ పక్కవాళ్లతో చేతులు కలుపుతారు. అయిపోయినట్టు.

మా ఆవిడ ఇన్నేళ్లలో లేచి మాట్లాడటం పది పన్నెండు సార్లే చూశాను. ఒకసారి వరసగా రెండు వారాలు ఏదో చెప్పాలనిపించి కూడా ఆగారట. ఎందుకని అడిగితే, "అది నా మాటో, వచ్చిన మాటో తేలలేదు" అన్నారు.

మీ అమ్మగారికి ఇంగ్లీషు రాదని వెనకాడకండి. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మూడు నెలలు ప్రతి ఆదివారం వచ్చింది. ఇంగ్లీషు అక్షరం రాదు. అమెరికాలో ఆమెకి అర్థం కాని మాటల మధ్య కూర్చోవాల్సిన అవసరం లేని చోటు అదొక్కటే. మెడలో తులసిమాల తిప్పుకుంటూ కూర్చునేది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆవిడ రోజూ ఎటు వెళ్తారన్న ప్రశ్నకి వస్తే, మీ పక్కింటావిడ సంగతి నాకు తెలియదు కాబట్టి మా ఆవిడ వారం చెబుతాను. చాలావరకు పోలిక ఉంటుంది.

సోమవారం పొద్దున ఆవిడ వంటింటి బల్ల మీద ఒక రేకు డబ్బా తెరుచుకుంటారు. పాతకాలం వంటల చీటీల డబ్బా అది. అందులో ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, పెన్సిల్‌తో రాసినవి. నిన్న మీటింగ్‌కి రానివాళ్లు ఎవరు, ఒంట్లో బాగాలేనివాళ్లు ఎవరు, భర్త పోయి ఏడాది కానివాళ్లు ఎవరు అని చూసి ముగ్గురికి ఫోన్ చేస్తారు. "ఎలా ఉన్నావు" అని అడగరు. అలా అడిగితే అందరూ బాగున్నామనే అంటారట. "నిన్న రాత్రి ఏం తిన్నావు? వరండాలో బల్బు మార్చారా? మోకాలికి ఆ డాక్టర్ ఏమన్నాడు?" అని అడుగుతారు. తిన్నది రొట్టె ముక్కే అని తేలితే సాయంత్రానికి సూప్ గిన్నె ఆ ఇంటికి చేరుతుంది. జవాబులు కార్డు మీద తేదీతో రాసుకుంటారు. ఎవరికోసమైనా ప్రార్థించమంటే "నిన్ను వెలుగులో ఉంచుకుంటాను" అంటారు. ఆ మాట మా అమ్మకి ఎంతగా నచ్చిందంటే, ఊళ్లో ఎవరికైనా సుస్తీ చేస్తే ఇప్పటికీ ఫోన్‌లో "దీపం దగ్గర నీ పేరు తలుచుకుంటున్నాలే" అంటుంది.

వారంలో ఒకరోజు ఊరి ఆహార కేంద్రంలో డబ్బాలు సర్దడం, ఒక పూట మీటింగ్ హౌస్ వెనక స్మశానంలో కలుపు తీయడం. ఆ స్మశానం తప్పక చూడండి. రాళ్లన్నీ మోకాలి ఎత్తు కూడా ఉండవు, ధనికుడిది పేదవాడిది ఒకటే కొలత. మొదటి తరాలవాళ్లయితే రాయే పెట్టుకోలేదు.

శనివారం పొద్దున ఒక గంట రోడ్డు పక్కన యుద్ధం వద్దని అట్ట పట్టుకుని నిలబడతారు. మోకాళ్లు పట్టేస్తున్నాయని ఈ మధ్య మడత కుర్చీ తెచ్చుకుంటున్నారు. కార్లలో వెళ్లేవాళ్లలో కొందరు హారన్ కొట్టి చెయ్యి ఊపుతారు, కొందరు తిడతారు. తిట్టినవాళ్లకి కూడా చెయ్యి ఊపుతారు. మొదట్లో నాకు ఆవిడ గురించి టెన్షన్‌గా ఉండేది. ఈ వాన చినుకుల్లో ఒక ముసలావిడ అట్ట పట్టుకుంటే యుద్ధాలాగుతాయా అని అడిగేశాను కూడా. ఆవిడ, "ఆగుతాయని నిలబడట్లేదు. నాకు తెలిసిన నిజం ఇది, దాన్ని ఇంట్లో దాచుకోలేను" అన్నారు. ఆయుధం పట్టకూడదన్నది 17వ శతాబ్దం నుంచి వాళ్ల నియమం. చేతులు ముడుచుకు కూర్చోవడం మాత్రం వాళ్ల పద్ధతి కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో అన్నం పెట్టి, గాయాలు కట్టి చేసిన సేవకి 1947లో నోబెల్ శాంతి బహుమతిని బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవాసంస్థలు రెండింటికీ కలిపి ఇచ్చారు. చట్టసభ సభ్యులతో ఈ సంగతులు మాట్లాడటానికి వాషింగ్టన్‌లో 1943 నుంచి వాళ్ల సంస్థ ఒకటి పనిచేస్తోంది. మా ఆవిడ 81వ ఏట కూడా రైలెక్కి వెళ్లి సెనేటర్ ఆఫీసులో పాతికేళ్ల సహాయకుడితో అరగంట కూర్చుని మాట్లాడి వచ్చారు. వచ్చాక ఆ కుర్రాడికి థాంక్స్ చెబుతూ చేత్తో ఉత్తరం రాశారు.

జైలు పని కూడా చేశారు చాలా ఏళ్లు. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీన్ హేవెన్ జైలు ఖైదీలు, మా కుర్రాళ్లు కొట్లాటల్లోకి పోకుండా ఏదైనా నేర్పండి అని క్వేకర్లని అడిగారు. అలా మొదలైన శిక్షణ ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. ఆవిడ అందులో తర్ఫీదు పొంది మూడేసి రోజులు జైల్లో ఖైదీలతో వలయంగా కూర్చునేవారు. 80 దాటాక గేటు దగ్గర అంతసేపు నిలబడలేక మానేశారు. మానేసిన రోజు చాలా దిగులుగా ఉన్నారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆ శిక్షణకి వెళ్లే కొత్తవాళ్ల కాగితాల పని చూస్తారు.

ఇవన్నీ రాస్తుంటే ఆవిడ ఎప్పుడూ పరుగులో ఉంటారనిపిస్తుంది. నిజానికి నేను చూసిన మనుషుల్లో తొందర లేని మనిషి ఆవిడే. కొత్త పని ఏదైనా ఒప్పుకునే ముందు ఒక వారం ఆగుతారు. ఆ పని తనకోసం వచ్చిందా, ఎవరూ లేరు కదా అని నెత్తికెత్తుకుంటున్నారా అని చూసుకుంటారు. పెద్ద నిర్ణయమైతే నలుగురైదుగురు స్నేహితుల్ని కూర్చోమంటారు. దాన్ని క్లియర్‌నెస్ కమిటీ అంటారు. పేరుకి కమిటీ కానీ వాళ్లు సలహా ఇవ్వకూడదు. ప్రశ్నలే అడగాలి. నా ఉద్యోగం మానాలా వద్దా అన్నప్పుడు నాకోసం అలా కూర్చున్నారు. మనింట్లో అయితే పది నిమిషాల్లో పాతిక సలహాలు వచ్చేవి. అక్కడ రెండు గంటల్లో తొమ్మిది ప్రశ్నలు అడిగారు. జవాబు నా నోటి నుంచే వచ్చింది.

నెలకోసారి జరిగే వ్యవహారాల మీటింగ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ఆ సమాజం నడిచే తీరు అక్కడే కనిపిస్తుంది. దాన్ని నడిపేవాళ్లని క్లర్క్ అంటారు. గుమాస్తా అనుకోకండి, సభకి పెద్ద. కానీ పెత్తనం ఉండదు. ఓటింగ్ లేదు. మెజారిటీ లేదు. అందరి మాటా విని, సభ మొత్తం ఎటు మొగ్గుతోందో పట్టుకుని, క్లర్క్ అక్కడికక్కడే నాలుగు వాక్యాలు రాయించి పైకి చదువుతారు. అందరూ "ఆమోదం" అంటేనే అది నిర్ణయం. ఒక్కరు లేచి "నా మనసు ఒప్పుకోవడం లేదు" అంటే ఆగుతుంది. లేదా వాళ్లు "నాకు ఇష్టం లేదు, అయినా అడ్డం నిలబడను" అని పక్కకి జరగవచ్చు.

మా మీటింగ్ హౌస్ పక్కన పెద్ద సికమోర్ చెట్టు ఉండేది. కొమ్మలు కప్పు మీద పడుతున్నాయి, కొట్టేద్దామని ఆస్తుల కమిటీ అడిగింది. అందరూ సరేనన్నారు. మా ఆవిడ ఒక్కరే లేచి "నేను కలిసి రాలేకపోతున్నాను" అన్నారు. అంతే, వచ్చే నెలకి వాయిదా. అలా ఏడు నెలలు. నాకైతే ఓపిక నశించింది. ఈలోగా చెట్ల నిపుణుణ్ణి పిలిపించారు, కప్పు పెంకులు లెక్కపెట్టారు, ఆ చెట్టు కింద ఆడుకున్న పిల్లల్ని అడిగారు. ఎనిమిదో నెలలో ఆవిడే లేచి, "కాండం లోపల పుచ్చు నేనే చెయ్యి పెట్టి చూశాను. ఇక నాకు స్పష్టంగా ఉంది, కొట్టేద్దాం" అన్నారు. అప్పటికి ఆ చెట్టంటే అక్కడ అందరికీ ప్రేమ పుట్టింది. దాని పలకలతో చేసిన బెంచీ ఇప్పుడు గుమ్మం పక్కనుంది. ఓటు వేసి ఉంటే మొదటి నెలలోనే గెలిచేవాళ్లం, ఆవిడ ఓడి ఇంటికెళ్లేవారు.

ఆడవాళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. పాత మీటింగ్ హౌస్‌లలో హాలు మధ్యలో పైకీ కిందికీ జరిగే చెక్క తెర కనిపిస్తుంది. ఆరాధన వేళ తెర ఎత్తి ఉండేది. వ్యవహారాల వేళ దింపేవారు: అటు మగవాళ్ల సభ, ఇటు ఆడవాళ్ల సభ. ఇటువైపు ఆడవాళ్లే క్లర్కులు, ఆడవాళ్లే లెక్కలు రాసేవాళ్లు, ఆడవాళ్లే తీర్మానాలు చదివేవాళ్లు. ఎన్నో తరాల పాటు అలా సభ నడపడం చేతికొచ్చిన ఆడవాళ్లు బయటికి వస్తే ఏమవుతుంది? 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన, అమెరికాలో మహిళా హక్కుల మొదటి సభని తలపెట్టిన ఐదుగురిలో నలుగురు క్వేకర్ ఇళ్ల ఆడవాళ్లే, లుక్రేషియా మాట్‌తో కలిపి. మా ఆవిడ ఆ చెక్క తెర తాడుకి నూనె రాస్తూ ఈ సంగతి నాకు చెప్పారు. మీటింగ్ హౌస్‌కి వెళ్లినప్పుడు మీ అమ్మగారికి ఆ తెర చూపించండి.

"పిల్లలు పట్టించుకోరా" అన్నారు. ఆ మాట రాసినప్పుడు మీకు జాలి కలిగి ఉంటుంది, నాకూ మొదట్లో కలిగింది. మా ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఒకరు ఒరెగాన్, ఒకరు బోస్టన్. ఫోన్లు, రాకపోకలు బాగానే ఉంటాయి. తుంటి ఆపరేషన్ అయినప్పుడు కూతురు వచ్చి రెండు వారాలుంది. ఆ తర్వాత ఆరు వారాలు మీటింగ్ వాళ్లు చూసుకున్నారు. ఎవరు ఏ రోజు భోజనం తేవాలి, ఎవరు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి, ఎవరు చెత్తడబ్బా బయట పెట్టాలి అని ఒక పట్టిక. గురువారం నాది. పప్పు, బీన్స్ వేపుడు, మెత్తగా వండిన అన్నం తీసుకెళ్లేదాన్ని. ఇన్నేళ్లు అందరికీ చేసిన మనిషి చేయించుకోవడానికి మొహమాటపడతారేమో అనుకున్నాను. తీసుకున్నారు, నిండు మనసుతో. "వేపుడులో ఉప్పు ఎక్కువైంది" అని కూడా చెప్పారు. పై వారం తగ్గించాను.

ముసలితనం గురించి కూడా ముందే ఏర్పాటు చేసుకున్నారు. క్వేకర్లు ఇక్కడ పెద్దవాళ్ల కోసం కట్టిన ఊళ్లలాంటివి ఉన్నాయి: గ్వినెడ్‌లో ఫౌల్క్‌వేస్ 1967లో, కెనెట్ స్క్వేర్ దగ్గర కెండల్ 1973లో మొదలయ్యాయి. నర్సింగ్ హోముల్లో ముసలివాళ్లని పడిపోకుండా కుర్చీకి కట్టేసే అలవాటు దేశమంతా ఉన్న రోజుల్లో, మేం ఎవర్నీ కట్టం అని నిలబడినవాళ్లు కెండల్ వాళ్లు. మా ఆవిడ 75వ ఏటే అలాంటి ఒకచోట పేరు రాయించుకున్నారు. పిల్లలు వద్దన్నందుకు కాదు. తన నిర్ణయం తనకి తెలివి ఉండగానే తీసుకోవాలని. మనకి ఇది కష్టంగా తోస్తుంది. మా అమ్మకీ తోచింది. అయితే మా అమ్మ ఆ చోటు చూసొచ్చాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇక్కడ ఎవరి మంచం పక్కనైనా ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారే" అంది.

ఇక ఏమని పిలవాలి. ఆవిడ పేరే. వీళ్లు మిసెస్, డాక్టర్, సర్ లాంటి బిరుదులు వాడరు. పసిపిల్లలు కూడా 80 ఏళ్లవాళ్లని పేరు పెట్టే పిలుస్తారు. దీని వెనక కథ తెలుగువాళ్లకి తేలిగ్గా తెలుస్తుంది. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో కూడా మనకున్నట్టే "మీరు", "నువ్వు" ఉండేవి. పైవాళ్లని మీరు అనాలి. క్వేకర్లు న్యాయమూర్తినీ, జమీందారునీ, పనివాణ్ణీ అందరినీ "నువ్వు" అనేశారు. ఎవరికీ టోపీ తీయలేదు. దానికి దెబ్బలు తిన్నారు, జైలుకెళ్లారు.

నాకు ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. ఆంటీ అన్నాను చాలాకాలం. మా అమ్మ మాత్రం వచ్చిన మూడో రోజే "వదినా" అని మొదలుపెట్టింది. అదేమిటని ఆవిడ అడిగితే అర్థం చెప్పాను: హోదా కాదు, చుట్టరికం. "అయితే ఆవిడ నాకేమవుతుంది?" అన్నారు. వదినే అన్నాను. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకుంటారు. ఒకే మాట రెండువైపులా నడవడం ఆవిడకి ఎంతో నచ్చింది. కాళ్లకి దండం మాత్రం ముందు చెప్పకుండా పెట్టకండి. మా అబ్బాయి కాలేజీకి వెళ్తూ వంగితే ఆవిడ కంగారుపడి భుజాలు పట్టుకుని లేపేశారు, నేను ఎవరికన్నా పైన లేనని. దీవెన అడుగుతున్నాడని చెప్పాక, ఒక నిమిషం ఆలోచించి, వాడి తల మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుని నిలబడ్డారు.

మన దేశంతో వాళ్లకి పాత బంధమే ఉంది. గాంధీగారు 1931లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బర్మింగ్‌హామ్‌లోని వాళ్ల అధ్యయన కేంద్రం వుడ్‌బ్రూక్‌కి వెళ్లారు. మార్జరీ సైక్స్ అనే ఆవిడ 1928లో మద్రాసులో టీచరుగా దిగి, క్వేకరై, దశాబ్దాలు మన దేశంలోనే గడిపి సేవాగ్రామ్‌లో పనిచేశారు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశ యాత్రకి తోడ్పడినవాళ్లలో అమెరికా క్వేకర్లున్నారు. మీకు ఇంకా దగ్గరి సంగతి: నల్లవారి హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ మహాప్రదర్శన ఏర్పాట్లు నడిపించిన బేయార్డ్ రస్టిన్ మీ వెస్ట్ చెస్టర్ మనిషే. ఆయన్ని పెంచింది క్వేకర్ పద్ధతుల్లో పెరిగిన అమ్మమ్మ. అక్కడి హైస్కూళ్లలో ఒకదానికి ఆయన పేరే పెట్టారు. మీ పిల్లలు అందులోనే చదవచ్చు.

వెళ్లదలుచుకుంటే, ఈ ఆదివారం వస్తామని ఆవిడకి ముందే చెప్పండి. చెప్పాక తప్పకుండా వెళ్లండి. పది నిమిషాలు ముందు చేరండి. చీరకట్టు, బొట్టు, అన్నీ మామూలే. మీ అమ్మగారిని బల్ల చివర కూర్చోబెట్టండి, మధ్యలో దగ్గొస్తే లేచి వెళ్లడానికి వీలుగా. ఫోన్ పూర్తిగా ఆపేయండి. చాలాచోట్ల నెలకి ఒక ఆదివారం తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తింటారు. ఆ రోజైతే పులిహోర తీసుకెళ్లండి, నిలవ ఉంటుంది, వేడి చేయక్కర్లేదు. మిరపకాయలు ఏరేసి, గిన్నె పక్కన వేరుశనగ ఉందని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో చీటీ పెట్టండి. మా మీటింగ్‌లో ఇద్దరు పిల్లలకి వేరుశనగ పడదు, మీరు వెళ్లేచోట కూడా ఉండొచ్చు. ఆవిడని అడిగితే సరిగ్గా చెబుతారు.